రోళ్లపాడు గడ్డిలో పాత నిక్కోర్ 300: చేతితో ఫోకస్ చేసే టెలిఫోటో లెన్స్‌పై సమీక్ష

కర్నూలు దగ్గరి రోళ్లపాడు గడ్డి మైదానంలో కృష్ణజింకను ఫోటో తీయబోయిన వారందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. జింక పాతిక మీటర్ల దూరంలో, ఎండిన గడ్డి మధ్య పడుకొని, తల ఎత్తి మన వైపే చూస్తూ ఉంటుంది. కెమెరాలోని ఆటోఫోకస్ మాత్రం దాని కంటిని వదిలిపెట్టి, ముందు ఊగుతున్న గడ్డిపరకను పట్టుకుంటుంది. మళ్లీ బటన్ నొక్కితే లెన్స్ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి తిరిగి వచ్చి ఇంకో గడ్డిపరక దగ్గర ఆగుతుంది. ఆలోగా జింక లేచి వెళ్లిపోతుంది. రెండు శీతాకాలాలు ఇలా నిగనిగలాడే గడ్డిపరకల ఫోటోలు తెచ్చుకున్న తర్వాతే నేను ఆటోఫోకస్ ఊసే లేని పాత లెన్స్ వైపు చూశాను. ఏడాదిన్నరగా దానినే వాడుతున్నాను కనుక, దానివల్ల ఏ ఫోటోలు వస్తాయో, ఏవి రావో ఇప్పుడు కొంత నమ్మకంగా చెప్పగలను.

లెన్స్ పేరు నికాన్ కంపెనీవారి నిక్కోర్ 300 మి.మీ. ఎఫ్ 4.5 ఈడీ-ఐఎఫ్, ఏఐ-ఎస్ రకం. ఇది 1980ల నాటి వస్తువు. బరువు కిలో కంటే ఒక పిసరు తక్కువ. ముందు భాగానికి 72 మి.మీ. ఫిల్టరు పడుతుంది, ఎండను అడ్డుకునే హుడ్ లెన్స్‌లోనే ఇమిడి ఉండి ముందుకు జారుతుంది, ట్రైపాడ్‌కు బిగించే పట్టీ లెన్స్ నడుము చుట్టూ తిరుగుతుంది. పేరులోని ఐఎఫ్ అన్న రెండు అక్షరాలే మన పనికి ముఖ్యం. ఫోకస్ మార్చినప్పుడు లెన్స్ పొడవుగా సాగదు, లోపలి గాజులు మాత్రమే కదులుతాయి. అందువల్ల రింగు చాలా తేలికగా, రెండు వేళ్లతో తిప్పగలిగేలా ఉంటుంది, బరువు ముందుకు జరిగి చెయ్యి తూలడమూ ఉండదు. ఇదే కంపెనీవారి పాత 300 మి.మీ. లెన్స్‌లలో మొత్తం గొట్టం ముందుకు సాగేది. ఒక మిత్రుడి దగ్గర అలాంటిది పట్టుకొని చూశాను. నిలబడి ఉన్న ఎద్దును తీయడానికి అది చాలు, నడిచే జింకకు చాలదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఇక్కడే జాగ్రత్తపడాలి, ఎందుకంటే 300 మి.మీ. ఎఫ్ 4.5 అన్న పేరుతో ఈ కంపెనీ ఏళ్ల తరబడి అనేక రకాలు తయారుచేసింది. ఈడీ, అంటే అంచుల్లో రంగు చారలను తగ్గించే ప్రత్యేకమైన గాజు, ఉన్నదానికి గొట్టం చుట్టూ బంగారు రంగు గీత ఉంటుంది. ఆ గీత లేనిదానితో ఎండలో తెల్లని ఈకల అంచున ఊదారంగు చారలు కనిపిస్తాయి. ఇక లెన్స్ మీది ఎపర్చరు అమరికను కెమెరాకు తెలియజేసే ఏఐ పద్ధతి 1977లో రాకముందు తయారైన లెన్స్‌లను మార్పించకుండా నేటి కెమెరాకు బిగిస్తే, కెమెరా మౌంటు (లెన్స్ బిగించే చోటు) చుట్టూ ఉండి ఆ అమరికను అందుకునే చిన్న పల్లు విరిగే ప్రమాదం ఉంది. లెన్స్ మీద మిగిలించిన డబ్బు ఆ మరమ్మతుకు చాలదు.

నా మొదటి కొనుగోలు దెబ్బతిన్నది. సముద్రతీర నగరంలోని ఒక దుకాణంవారు ‘కొత్తదానిలా ఉంది’ అని చెప్పి పంపిన లెన్స్‌లోకి టార్చి వేసి చూస్తే, వెనుక గాజు మీద సాలెగూడులాగా ఫంగస్ అల్లుకొని ఉంది. ఎన్నో ఫోన్ల తర్వాత సగం డబ్బు తిరిగి వచ్చింది, లెన్స్ వెనక్కి పోయింది. కర్నూలు గాలిలో తేమ తక్కువ కాబట్టి ఇక్కడే పెరిగిన లెన్స్ దొరికితే మేలని అప్పుడు తోచింది. స్టూడియో మూసేసిన ఒక పెద్దాయన దగ్గర రెండోది దొరికింది. వినాయక నిమజ్జనం ఊరేగింపులనూ, క్రికెట్ పోటీలనూ దానితోనే తీసేవారట. 16,500 రూపాయలు ఇచ్చాను. ఇచ్చే ముందు ఆయనే నా ఎదుట మూడు పరీక్షలు చేసి చూపించారు: టార్చి వెలుగులో గాజులు, ఎపర్చరు (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) రేకులు నూనె అంటకుండా టక్కున మూసుకోవడం, రింగు అంతటా ఒకే బిగువుతో తిరగడం. ‘‘రింగు ఒకచోట వదులుగా, ఒకచోట బిగువుగా తిరిగిందంటే కొనొద్దు నాయనా, నీ వేలు దానికి అలవాటు పడదు’’ అన్నారు. ఆ మాట విలువ తర్వాత తెలిసింది.

నా కెమెరా నికాన్ డి 7200. పాత లెన్స్ అని మెనూలో 300 మి.మీ., ఎఫ్ 4.5 అని ఒకసారి నమోదు చేస్తే వెలుతురు కొలత సరిగ్గా పనిచేస్తుంది. ఎపర్చరును లెన్స్ మీది రింగుతోనే మార్చుకోవాలి, ఏ (ఎపర్చరు మనం పెడితే షట్టరు వేగం కెమెరా చూసుకునేది), ఎం (రెండూ మనమే పెట్టేది) అన్న రెండు పద్ధతులే అందుబాటులో ఉంటాయి. డి 3000, డి 5000 వరుసల్లోని చిన్న కెమెరాలకూ, డి 7500కూ ఆ పల్లు లేనందున లెన్స్ బిగుస్తుంది గానీ వెలుతురు కొలత రాదు. కెమెరాలోని సెన్సర్ చిన్నది కావడం వల్ల 300 మి.మీ. లెన్స్ 450 మి.మీ. చూపునిస్తుంది. పాతిక మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు దాదాపు రెండు మీటర్లు. ఒక మగ కృష్ణజింక అందులో సుఖంగా ఇముడుతుంది. యాభై మీటర్లకు పోతే ఫ్రేము నాలుగు మీటర్లవుతుంది, జింక సగానికి తగ్గుతుంది. వంద మీటర్ల అవతల ఉన్నదానికి ఈ లెన్స్‌తో ఆశపడకపోవడమే మంచిది.

రోళ్లపాడు కర్నూలుకు సుమారు 45 కి.మీ. దూరంలో, నందికొట్కూరు దాటాక వస్తుంది. 2022లో జిల్లాలు మారినప్పటి నుంచి నంద్యాల జిల్లా లెక్కలోకి పోయింది గానీ, మా ఊరి ఫోటోగ్రాఫర్లకు అది ఇప్పటికీ కర్నూలు అడవే. బట్టమేక పక్షి కోసమే 1988లో ఏర్పాటు చేసిన 6.14 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది. ఆ పక్షి నా వ్యూఫైండరులోకి ఒక్కసారి కూడా రాలేదు, వస్తుందన్న ఆశ కూడా ఇప్పుడు లేదు. మిగిలింది జింకలు, నక్కలు, అదృష్టం బాగుంటే తోడేలు, చలికాలంలో గడ్డి మీద తక్కువ ఎత్తున తిరిగే వలస గద్దలు. వీటిలో ఈ లెన్స్‌కు అనువైనవి ఏవో తెలుసుకోవడానికి నాకు ఒక సీజను పూర్తిగా పట్టింది.

గడ్డిలో చేతి ఫోకస్‌కు ఉన్న బలం చాలా సాదాసీదా కారణం వల్ల వస్తుంది. కన్ను ఎక్కడ ఉందో మనకు తెలుసు, కెమెరాకు తెలియదు. ఎదుట పది గడ్డిపరకలున్నా రింగును నెమ్మదిగా తిప్పుతూ పోతే, పరకలు ఒక్కొక్కటిగా తేలి కరిగిపోయి, వాటి వెనుక నుంచి జింక ముఖం మీది తెల్లని వలయం, దాని నడుమ కన్ను బయటపడే క్షణం ఒకటి వస్తుంది. అక్కడ ఆగితే చాలు. జంతువు కదలనంత సేపు ఫోకస్ ఎక్కడికీ పోదు. గాలి వీచినా, పరకలు ఊగినా, మధ్యలో సీతాకోకచిలుక ఎగిరినా లెన్స్‌కు పట్టింపు లేదు. ఎఫ్ 4.5 దగ్గర పాతిక మీటర్ల దూరంలో స్పష్టంగా ఉండే లోతు లెక్క ప్రకారం సుమారు మీటరుంబావు, అంటే జింక పొడవంత. పది మీటర్లకు వస్తే అది ఇరవై సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అందువల్ల దగ్గరగా ఉన్న చిన్న పిట్ట కంటే దూరంగా ఉన్న పెద్ద జంతువే కొత్తవారికి సులువు. చాలామంది దీనికి తలకిందులుగా అనుకొని, పెరట్లో పిచ్చుకల మీద మొదలుపెట్టి, విసిగి లెన్స్‌ను అమ్మేస్తారు.

జంతువుల కళ్లను గుర్తుపట్టే కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు గడ్డి చిక్కును చాలావరకు విప్పేశాయన్నది నిజమే. వాటి ధర, వాటికి తగిన లెన్స్ ధర కలిపితే ఒక జత కాడెద్దులు వస్తాయన్నదీ నిజమే. ఒక స్నేహితుడి మిర్రర్‌లెస్‌కు అడాప్టరు పెట్టి ఈ లెన్స్‌ను బిగించి చూశాను. వ్యూఫైండరులోనే బొమ్మను పెద్దది చేసుకొని చూసే సౌకర్యం, కెమెరా లోపలి స్థిరీకరణ రెండూ గొప్పగా అనిపించాయి. అయితే ఫోకస్ కుదిరిన అంచులను రంగుతో చూపించే పీకింగ్ అన్న ఏర్పాటును గడ్డిలో నమ్మకూడదు. ప్రతి గడ్డిపరకా ఎర్రగా మెరిసి, తెర మొత్తం కుంకుమ చల్లినట్లు అవుతుంది.

నాకు ఈ లెన్స్ ఇచ్చిన అత్యుత్తమ ఫోటోలు వెంటపడి తీసినవి కావు, ఎదురుచూసి తీసినవి. తన హద్దును కాపాడుకునే మగ కృష్ణజింకకు ఒక అలవాటు ఉంది. అది రోజూ తిరిగి తిరిగి కొన్ని నిర్ణీత స్థలాలకే వచ్చి పెంటికలు వేస్తుంది. ఆ పెంటికల కుప్పలు మైదానంలో నల్లగా, గుండ్రంగా దూరం నుంచే కనిపిస్తాయి. ఒక కుప్పను ఎంచుకొని, సూర్యుడు మన వీపు వైపు ఉండేలా, దారి వదలకుండా కారును ముప్పై మీటర్ల దూరంలో ఆపి, లెన్స్‌ను ఆ కుప్ప మీద ఫోకస్ చేసి, ఎఫ్ 5.6 పెట్టి, ఇంజను ఆపేసి కూర్చోవాలి. మార్చి నెలలో ఒక ఉదయం ఇలా గంటన్నర కూర్చున్నాను. మగజింక వచ్చింది, కుప్పను వాసన చూసింది, మెడ వెనక్కి విరిచి మెలితిరిగిన కొమ్ములు వీపును తాకేలా నిలబడింది. నేను రింగును ఒక వెంట్రుకవాసి తిప్పాను, అంతే. ఆ పదకొండు ఫ్రేముల్లో తొమ్మిది నూటికి నూరు శాతం పెద్దది చేసి చూసినా కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆటోఫోకస్ లెన్స్‌తోనూ ఈ ఫోటో వచ్చేది కదా అని అడగవచ్చు. వచ్చేది. కానీ చేతిలో అది ఉంటే నేను కుప్ప దగ్గర కూర్చునేవాణ్ని కాను, మంద వెనుక తిరుగుతూ ఉండేవాణ్ని.

వ్యూఫైండరులో వెలిగే పచ్చని చుక్క గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానిని గుడ్డిగా నమ్మి నేను మొదటి నెలలో చాలా నష్టపోయాను. ఎపర్చరు ఎఫ్ 5.6 లేదా అంతకంటే విశాలంగా ఉన్న పాత లెన్స్‌లతో కెమెరా తన ఫోకస్ బిందువు కింద ఉన్నది స్పష్టంగా ఉందో లేదో చెబుతుంది, ఎటు తిప్పాలో బాణం గుర్తుతో చూపిస్తుంది. అయితే ఆ చుక్క ఒకేచోట వెలగదు, రింగును కొద్దిగా అటూ ఇటూ తిప్పినా వెలుగుతూనే ఉంటుంది. దగ్గర వైపు నుంచి తిప్పుకుంటూ వచ్చి చుక్క వెలగగానే ఆపితే, ఫోకస్ ప్రతిసారీ కంటికి బదులు ముక్కు మీద నిలిచేది. ట్రైపాడ్ మీద పెట్టి, గోడకు అంటించిన పాత క్యాలెండరును రెండు వైపుల నుంచీ ఫోకస్ చేసి చూశాక తెలిసింది: నా కెమెరాలో చుక్క వెలిగిన తర్వాత ఇంకొంచెం దూరం వైపు తిప్పితేనే సరైన చోటు. ఇది కెమెరా కెమెరాకూ మారుతుంది. ఒక మధ్యాహ్నం దీనికి కేటాయించని వారు లెన్స్‌ను నిందించే హక్కు కోల్పోతారని నా అభిప్రాయం. దీనికంటే ముందు వ్యూఫైండరు పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పి మన కంటి చూపుకు సరిచేసుకోవాలి. కళ్లద్దాలు పెట్టుకునే నాలాంటివారికి ఆ పని తప్పదు.

కర్నూలు ఎండకు సంబంధించిన ముచ్చట కూడా ఒకటుంది. ఈ లెన్స్ రింగు అనంతం గుర్తు దగ్గర ఆగదు, దానిని దాటి ఇంకా తిరుగుతుంది. కొన్న కొత్తలో ఇది లోపమనుకొని కంగారుపడ్డాను. ఈడీ గాజు వేడికి మామూలు గాజు కంటే ఎక్కువగా స్పందిస్తుంది కాబట్టి, ఫోకస్ బిందువు జరిగినా సరిచేసుకోవడానికి తయారీదారులు కావాలనే ఆ వెసులుబాటు పెట్టారు. అంటే దూరంగా ఉన్నదానికి రింగును చివరి దాకా తిప్పి వదిలేసే అలవాటు ఈ లెన్స్‌తో పనికిరాదు. ఉదయం ఏడింటికి సరిపోయిన గుర్తు మే నెల మధ్యాహ్నానికి సరిపోదు. ఎలాగూ పది గంటలు దాటాక మైదానం మీద ఎండమావులు లేచి, దూరపు జింకలు నీళ్లలో ఉన్నట్లు అల్లాడుతాయి. అప్పుడు తీసిన ఫోటోలు మసకగా ఉంటే తప్పు లెన్స్‌ది కాదు, ఫోకస్‌ది కూడా కాదు. ఇంటికి వెళ్లి మజ్జిగ తాగడం మంచిది.

ఇక ఓటములు. చలికాలం సాయంత్రాల్లో హ్యారియర్ గద్దలు రోళ్లపాడు గడ్డిలోకి రాత్రి విడిదికి దిగుతాయి. మలుపులు తిరుగుతూ, గడ్డిని తాకేంత కిందుగా, ఒక్కసారిగా దిశ మార్చుకుంటూ వచ్చే ఆ పక్షులను చేతి ఫోకస్‌తో వెంబడించడం నా వల్ల కాలేదు. వంద ఫ్రేములకు పది కూడా నిలవలేదు, ఆ పదిలోనూ కంటి మీద ఫోకస్ ఉన్నవి రెండో మూడో. సాధన పెరిగితే మెరుగవుతుందని కొందరు అంటారు. ఏడాదిన్నర సాధన తర్వాత కూడా పక్కవాడి 200-500 మి.మీ. ఆటోఫోకస్ లెన్స్ ముందు నేను చేతులెత్తేశాను. పరుగెత్తే జింకల మంద మన వైపు వస్తున్నప్పుడు కూడా ఇదే కథ. మనకు అడ్డంగా, సమాన దూరంలో పరుగెత్తితే మాత్రం షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతు పెట్టి, ముందుగా ఒక ముళ్లపొద మీద ఫోకస్ చేసి ఉంచితే నాలుగింట ఒకటి దక్కుతుంది.

నీళ్ల దగ్గర ఫలితం వేరు. నందికొట్కూరు దారిలోని గార్గేయపురం చెరువు దగ్గర నలుపు తెలుపు లకుముకి పిట్ట చేపను పట్టే ముందు గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలుస్తుంది. ఆ కొద్ది సెకన్లు రింగు తిప్పడానికి చాలు. అది నిట్టనిలువుగా పడిపోయాక ఇంకేమీ చేయలేము. సుంకేసుల బ్యారేజీ వద్ద రెక్కలు చాపి ఆరబెట్టుకునే నీటికాకుల సంగతి చెప్పనవసరం లేదు, అవి మన కోసమే నిలబడినట్లు ఉంటాయి. నేను ఊహించని మేలు ఓర్వకల్లు రాళ్ల మధ్య ఎదురైంది. ఈ లెన్స్ రెండున్నర మీటర్ల దాకా దగ్గరగా ఫోకస్ అవుతుంది. బండ మీద ఎండ కాగుతున్న తొండను బెదరగొట్టకుండా, జానెడు వెడల్పు ఫ్రేములో దాని మెడ పొలుసుల దాకా పట్టుకోవచ్చు. రాళ్ల మీద తొండలను తీయడానికి మాక్రో లెన్స్ కంటే దీనినే ఎక్కువగా తీసుకెళ్తున్నాను.

బొమ్మ నాణ్యత విషయంలో పెద్దగా ఫిర్యాదు లేదు. ఎఫ్ 4.5 దగ్గరే వాడుకోదగినంత పదును ఉంది, ఎఫ్ 5.6కు తగ్గిస్తే ఇంకా బిగుస్తుంది. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు పాత పూతల వల్ల బొమ్మ మీద పల్చని తెర పడుతుంది, హుడ్ లాగినా పూర్తిగా పోదు. వెనుక మసక అందంగా, గీతలు లేకుండా ఉంటుంది. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించి బొమ్మను పెద్దది చేసే 1.4 రెట్ల టెలికన్వర్టరు పెట్టి చూశాను. ఎపర్చరు ఎఫ్ 6.3కు పడిపోవడంతో పచ్చని చుక్క తడబడింది, వ్యూఫైండరు చీకటైంది, చేతి ఫోకస్‌కు ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. తీసి పక్కన పెట్టాను.

లెన్స్‌లో కుదుపును తగ్గించే ఏర్పాటు లేదు కాబట్టి షట్టరు వేగం సెకనులో ఐదు వందల వంతు కంటే తగ్గించను, కారు కిటికీ మీద జొన్నలు పోసిన గుడ్డ సంచి పెట్టుకొని దాని మీద ఆనిస్తాను. ఇసుక పోస్తే బరువు, థర్మోకోల్ గుళ్లు పోస్తే జారుడు. జొన్నలే సరిగ్గా కుదిరాయి, రెండు నెలలకొకసారి పురుగు పడితే ఇంటి కోళ్లకు పండుగ. బరువు కిలో లోపే కావడం వల్ల మెడలో వేసుకొని నడవడం కష్టం కాదు, పెద్ద తెల్ల లెన్స్‌ల లాగా జనం గుమికూడరు. ఒకసారి మాత్రం శనగ చేను గట్టు మీద ట్రైపాడ్ పెట్టుకొని నిలబడి ఉంటే ఒక రైతు వచ్చి, ‘‘రీసర్వేకు వచ్చినారా సార్? మా గెట్టు కూడా ఒకసారి చూసిపోండి’’ అని అడిగాడు. కాదు, జింకల ఫోటోల కోసం అన్నాను. ‘‘జింకలా, రాత్రి చేన్లోకి రాండి, ఎన్ని కావాల్నో చూపిస్తా’’ అన్నాడు. మొలకలు పోగొట్టుకున్నవాడి మాట అది, నవ్వలేకపోయాను.

ఎగిరే పక్షులే ప్రధానమైనవారు దీనిని కొనకూడదు. వారంలో ఒకటి రెండు గంటలు మాత్రమే దొరికేవారు కూడా ఆలోచించుకోవాలి, ఎందుకంటే వేళ్లకు రింగు అలవాటు పడాలంటే రోజూ పది నిమిషాలైనా తిప్పాలి. నేను ఇంటి మేడ మీద నుంచి కరెంటు తీగల మీది కాకులతో ఆ సాధన చేశాను. జంతువు ఎక్కడికి వస్తుందో కనిపెట్టి కూర్చోగల ఓపిక ఉన్నవారికి, చేతిలో నికాన్ పాత మౌంటు కెమెరా ఇప్పటికే ఉన్నవారికి, పదిహేను ఇరవై వేలలో ఇంతకంటే మంచి 300 మి.మీ. లెన్స్ నాకు తెలిసి లేదు.

నా లెన్స్‌లో మిగిలిన లోపం ట్రైపాడ్ పట్టీ. మర బిగించినా కెమెరా నిలువుగా తిప్పినప్పుడు చిన్న కదలిక ఉండేది, సెకనులో రెండు వందల వంతు కంటే తక్కువ వేగంలో ఆ కదలిక ఫోటోలో కనిపించేది. పాతబస్తీలో సైకిళ్లు బాగుచేసే అతను ట్యూబు ముక్కను సన్నగా కోసి పట్టీ లోపల అంటించి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఒక ఎండాకాలం గడిచింది, జిగురు ఇంకా ఊడలేదు.